మేళం విన్న చెవులతో జపాన్ పియానో ట్రియో వినడం ఎట్లా

జాజ్ అంటే పెద్ద హోటల్లో భోంచేసేటప్పుడు వెనకాల సన్నగా మోగేదే కదా అని ఒంగోల్లో ఒక స్నేహితుడు అడిగాడు. నేనూ చాలాకాలం అదే అనుకున్నా కాబట్టి వాడిని ఏమీ అనలేదు, ఇంటికి పిలిచి ఒక ఆల్బం పెట్టా. పది నిమిషాలకే "ఏందబ్బా ఇది, పాట ఎక్కడ మొదలైంది, ఎక్కడికి పోతోంది" అన్నాడు. అట్లా దారి తప్పేవాళ్ల కోసమే ఇది రాస్తున్నా.

ముందు ఏది వినాలి? నా మాట వింటే జపాన్ పియానో వాద్యకారుడు రియో ఫుకుయ్ చేసిన జాజ్ ఆల్బం 'సీనరీ'తో మొదలుపెట్టండి. 1976లో వచ్చింది. ఈయన 1948లో హొక్కైడోలో పుట్టాడు. పియానో మొదలుపెట్టిందే 22 ఏళ్లకు, అదీ సొంతంగా నేర్చుకున్నాడు, ఆరేళ్లకల్లా ఈ రికార్డు చేశాడు. మన దగ్గర ఆ వయసులో సంగీతం నేర్చుకుంటానంటే ఇంట్లో ముందు ఉద్యోగం సంగతి చూడమంటారు. ఆల్బంలో ఆరు ముక్కలు, మొత్తం నలభై నిమిషాల దాకా ఉంటుంది, ఒంగోల్లో రైలెక్కితే కావలి రాకముందే అయిపోతుంది. వాయించింది ముగ్గురే, పియానో ట్రియో అంటే ఇదే. పియానో ఫుకుయ్, బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగల వాయిద్యం) సతోషి డెన్పో, డ్రమ్స్ యోషినోరి ఫుకుయ్. యూట్యూబ్‌లో దొరుకుతుంది. జపాన్ బయట చాలామంది ఈయన పేరు విన్నది కూడా అక్కడే, రికార్డు వచ్చిన కొన్ని దశాబ్దాల తర్వాత.

వినే ముందు రెండు పనులు. షఫుల్ ఆపేయండి. రెండోది ఇయర్‌ఫోన్స్, ఫోన్ స్పీకర్ పనికిరాదు. ఇది దర్జా కోసం చెప్పడం కాదు, పెద్ద బేస్ వాయిద్యంలో అన్నిటికంటే లావు తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది, అంత కింది శబ్దాన్ని ఫోన్‌లో ఉండే బుల్లి స్పీకర్ బయటికి పంపలేదు. ముగ్గురిలో ఒకడిని మీరే గెంటేసినట్టు. నేనైతే ఒక వైపు పాడైపోయిన ఇయర్‌ఫోన్స్‌తో నెల రోజులు నెల్లూరు బస్సులో విని, ఈ బేస్ ఆయన ఇంత మొహమాటస్తుడేంది, అసలు వినపడడే అనుకున్నా. కొత్తది కొన్నాక తెలిసింది, తప్పు ఆయనది కాదని.

ఇక వినడం. మన పెళ్లిలో మేళం గుర్తు చేసుకోండి. నాదస్వరం, డోలు, వెనక శ్రుతి. కీర్తన ఎత్తుకుంటారు, పల్లవి చెప్తారు, తర్వాత నాదస్వరం ఆయన స్వరాలు వేసుకుంటూ ఎక్కడెక్కడికో పోయి సరిగ్గా ఎత్తుగడకు వచ్చి పడతాడు, మధ్యలో డోలు ఆయనకు ఒక్కడికే సమయం ఇస్తారు. ట్రియో ఆల్బంలో మామూలుగా జరిగేది కూడా ఇదే. మొదట అందరూ కలిసి పాట వరస వాయిస్తారు. తర్వాత ఆ పాట ఎంత పొడవుంటే అంత పొడవు చుట్టును మళ్లీ మళ్లీ తిప్పుతూ ఒక్కొక్కరు తమ సొంతం వాయిస్తారు. చివర్లో వరస మళ్లీ వస్తుంది. మీరు తప్పిపోయేది మధ్యలోనే, ఎందుకంటే అక్కడ పాట వినపడదు, కానీ దాని చుట్టు కింద తిరుగుతూనే ఉంటుంది.

దీన్ని పట్టుకోవడానికి ఐదో ముక్క మంచిది, 'ఆటమ్ లీవ్స్'. ఇది జపాన్ పాటా కాదు, అమెరికా పాటా కాదు. 1945లో జోసెఫ్ కోస్మా ఫ్రెంచిలో కట్టిన వరస, తర్వాత ఇంగ్లీషు మాటలు పడ్డాయి, జాజ్ వాళ్లందరూ సొంతం చేసుకున్నారు. ముందు ఎవరైనా పాడినది ఒకటి వెతికి నాలుగుసార్లు వినండి, వరస నోటికి రావాలి. సంగీతం కొంచెం తెలిసినవాళ్లకు ఇంకా తేలిక. స రి గ ఎక్కి ధ మీద నిలబడుతుంది, ఒక మెట్టు దిగి ని స రి ఎక్కి ప మీద, ఇంకో మెట్టు దిగి ధ ని స ఎక్కి మ మీద. అంతా నఠభైరవి స్వరాలే అనిపిస్తుంది. నాలుగోసారి ధ, ని రెండూ మారతాయి, అక్కడ శ్రుతి తప్పారనుకోకండి, అది కావాలని చేసిందే. ఈ పాట చుట్టు 32 బార్లు, బారు అంటే మన ఆవర్తనం లాంటిది, ఇక్కడ బారుకు నాలుగు దెబ్బలు. వరస నోటికొచ్చాక ఫుకుయ్‌ది పెట్టి, ఆయన సొంతం వాయించేటప్పుడు మీరు మనసులో పాట పాడుకుంటూ ఉండండి. ఆయన ఎక్కడికి పోయినా మీ పాట, ఆయన చుట్టు ఒకేసారి పూర్తవుతాయి. మొదటిసారి కుదరదు. నాకు వారం పట్టింది.

తర్వాత అదే ముక్క ఇంకోసారి, ఈసారి పియానోను వదిలేసి బేస్ ఒక్కటే వినండి. మన చెవికి అసలు కష్టం ఇక్కడుంది. మనకు శ్రుతి ఒకసారి పెడితే కచేరీ అయ్యేదాకా షడ్జం కదలదు, దాని మీదే అంతా కడతారు. ఇక్కడ నేలే కదులుతుంది. బేస్ ఆయన చాలాచోట్ల దెబ్బకొక స్వరం చొప్పున నడుచుకుంటూ పోతాడు, బారు మారేసరికి కింద ఆధారం మారిపోతుంది, ఇందాక తీయగా ఉన్న స్వరమే ఇప్పుడు గుచ్చుకున్నట్టు వినపడుతుంది. మొదట్లో జాజ్ అంటే ఏదో తిక్కగా, ఎటూ నిలవనట్టు అనిపించడానికి నా ఉద్దేశంలో కారణం ఇదే, వాయించేవాళ్ల వేగం కాదు. బేస్‌ను పట్టుకుని నడిస్తే ఆ తిక్క పోతుంది. చేత్తో తాళం వేసేవాళ్లు ఇంకోటి గమనించండి, మనకు బలమంతా మొదటి దెబ్బ మీద, సమం మీద ఉంటుంది. ఇక్కడ డ్రమ్స్ ఆయన కాలితో తొక్కే జోడు తాళాలు రెండు, నాలుగు దెబ్బల మీద 'చిక్' మంటాయి. చిటిక అక్కడ వేసి చూడండి, నడక వెంటనే మారుతుంది.

మూడోసారి డ్రమ్స్. డోలు మోతకు అలవాటుపడిన వాళ్లం కాబట్టి ఇది చప్పగా అనిపించొచ్చు. గట్టి దెబ్బల కోసం చూడకండి, తాళం పళ్లెం మీద 'టింగ్, టింగ్‌-ట-టింగ్' అని సన్నగా తిరిగేదే వీళ్లకు అసలు పని. చాలా ట్రియోల్లో సొంతాలు అయ్యాక పియానో నాలుగు బార్లు, డ్రమ్స్ నాలుగు బార్లు అని మార్చి మార్చి వాయించుకుంటారు, అది మాత్రం ఎవరూ చెప్పకుండానే అర్థమైపోతుంది, మేళంలో చూసిందే కదా.

జపాన్ వాళ్లు అమెరికా సంగీతం వాయించడమేంది అని కొందరు అడుగుతారు. ఒంగోలు పక్కనే కరవది. అక్కడ పుట్టిన నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా తంజావూరు బాణీ పట్టుకుని, శ్రీరంగం పోయి స్థిరపడి, 1998లో మద్రాసులో సంగీత కళానిధి బిరుదు తీసుకున్నాడు. తమిళ బాణీ ఈయనకెందుకు అని మన జిల్లాలో ఎవరైనా అడిగారా? అక్కడ జపాన్‌లోనైతే జాజ్ వినడానికని కాఫీ కొట్లే ఉన్నాయి, 'జాజ్ కిస్సా' అంటారు. కొనుక్కోలేనంత ఖరీదైన రికార్డులు కొట్టువాడు పెడితే జనం కాఫీ ముందు పెట్టుకుని నోరు మెదపకుండా వినేవాళ్లు. నెల్లూరు ట్రంకు రోడ్డులో టీ తాగేటప్పుడు మాట్లాడొద్దంటే కొట్టు సాయంత్రానికి మూతపడుతుంది, అది వేరే సంగతి.

'సీనరీ' చెవికి ఎక్కాక ఫుకుయ్‌నే ఇంకొంచెం వినండి, వెంటనే వేరేవాళ్ల దగ్గరికి పోకండి. 1977లో 'మెల్లో డ్రీమ్' వచ్చింది. తర్వాత సప్పోరోలో స్లోబోట్ అని సొంత క్లబ్బు పెట్టుకుని అక్కడే వాయించాడు. 2015లో ఆ క్లబ్బు పేరుతోనే చివరి ఆల్బం వచ్చింది, మరుసటి ఏడాది పోయాడు. మొదటిదీ చివరిదీ ఒకే రోజు వినండి, మధ్యలో దాదాపు నలభై ఏళ్లున్నాయి. నాకు మొదటిదే ఇష్టం, అందులో ఆకలి కనపడుతుంది.

ఫుకుయ్ కంటే ముందు కాలానికి పోవాలనుకుంటే పియానో వాయించే తోషికో అకియోషి. 1956లో అమెరికాలో బర్క్‌లీ కళాశాలకు చదువుకోవడానికి పోయింది. ఇప్పటి కాలానికి రావాలంటే హిరోమి ఉయెహారా, ఈమెదీ పియానోనే. 1979లో హమమత్సులో పుట్టింది, యమహా, కవాయ్ పియానోల కంపెనీలున్న ఊరు. ఆంథొనీ జాక్సన్ బేస్, సైమన్ ఫిలిప్స్ డ్రమ్స్‌తో 2011లో చేసిన 'వాయిస్' వినండి. ఈమెతో మాత్రం మొదలుపెట్టొద్దు, వేగానికి బెదిరిపోయి వదిలేస్తారు. కాకపోతే లెక్కలు తిరకాసుగా వేసే మనిషి, మిశ్రచాపు ఏడు దెబ్బలు ఒంట్లో ఉన్న మనవాళ్లకు కొన్నిచోట్ల ఆ లెక్క ఇట్టే తగులుతుంది.

కొత్త ట్రియో ఆల్బం ఏదైనా వచ్చిందని తెలిస్తే ముందు అట్ట మీద పేర్లు లెక్కపెట్టండి. హిరోమిదే 2023లో వచ్చిన 'సోనిక్‌వండర్‌ల్యాండ్'లో ట్రంపెట్‌తో కలిపి నలుగురు, అది ట్రియో కాదు. తర్వాత పాటల జాబితాలో మీకు వరస తెలిసిన పాత పాట ఒక్కటైనా ఉందేమో చూసి దాన్ని ముందు వినండి, సొంతంగా కట్టినవి తర్వాత. ఏదీ తెలియకపోతే అన్నిటికంటే నిదానంగా ఉన్నది పెట్టి, బేస్‌తో మొదలుపెట్టండి.