డ్యూటీ అప్పగించే ముందు మందుల విషయంలో జాగ్రత్తలు

రాయగడ, పర్లాకిమిడి వైపు వార్డుల్లో ఒక నర్సుది తెలుగు, ఇంకొకరిది ఒడియా. రోగిది సవర భాష కావచ్చు. అందుకే డ్యూటీ మారే ముందు ఇవి తప్పక చూసుకోండి.

• మంచం దగ్గరే, మందుల చార్టు చూస్తూ చెప్పండి. వరండాలో నడుస్తూ వద్దు.

• అలర్జీ ఉంటే అన్నిటికంటే ముందు అదే చెప్పండి.

• మందు పేరు, మోతాదు, ఇచ్చిన సమయం, మళ్లీ ఇవ్వాల్సిన సమయం. "పొద్దున ఇచ్చాం" అంటే చాలదు. తీవ్ర మలేరియాకు ఆర్టిసునేట్ ఇంజెక్షన్ మొదలుపెట్టాక 12 గంటలకు, 24 గంటలకు మళ్లీ ఇవ్వాలి. కాబట్టి "ఉదయం 6కు ఇచ్చాం, సాయంత్రం 6కు మీరు ఇవ్వాలి" అనండి. మన్యం పల్లెల నుంచి వచ్చే జ్వరం కేసుల్లో ఈ ఒక్క మాటకు ప్రాణమంత విలువ.

• ఇన్సులిన్‌కు "యూనిట్లు" అని పూర్తిగా రాయండి. ఇంగ్లిషు పొడి అక్షరం 'యు' సున్నాలా కనబడి 4 కాస్తా 40 అవుతుంది.

• ఆపిన మందు, ఇవ్వలేకపోయిన మందు, కారణంతో సహా.

• ఇంటి నుంచి తెచ్చుకున్న మాత్రలు, నాటు మందుల గురించి రోగి భాష తెలిసినవారితో అడిగించండి.

• విన్నవారు మోతాదు, సమయం తిరిగి చెప్పేదాకా కదలవద్దు. తల ఊపడాన్ని జవాబుగా తీసుకోకండి.