ఏజెన్సీలో పని ఎక్కడ ఇరుక్కుంటోంది? సమస్య - పరిష్కారం

అనంతపురం, కర్నూలు, కడప లాంటి ఊర్లలో ముగ్గురు నలుగురితో మొదలై ఇప్పుడు ఎనిమిది తొమ్మిది మందికి చేరిన డిజైన్ ఏజెన్సీల కోసం రాస్తున్నా. గొడవ ఎప్పుడూ డిజైనర్ సీటు దగ్గరే కనిపిస్తుంది గానీ, కారణం చాలాసార్లు దానికి ముందే, పని ఒప్పుకున్న రోజే పడి ఉంటుంది.

సమస్య: అన్నీ మొదలైనాయి, ఒక్కటీ బయటికి పోలేదు

ఎవర్ని అడిగినా "అయిపోవచ్చిందన్నా" అంటారు, సాయంత్రం చూస్తే పొద్దున యాడుందో ఆడనే ఉంటుంది.

కారణం: మనుషులు చాల్లేదని అందరూ అనుకుంటారు, నన్నడిగితే చేతిలో పట్టుకున్న పనులే ఎక్కువ. 1961లో జాన్ లిటిల్ అనే అమెరికా ప్రొఫెసర్ నిరూపించిన లెక్క ఒకటుంది. చేతిలో 24 పనులుండి వారానికి 6 అయిపోతుంటే ఒక్కో పనికి సగటున 4 వారాలు పడుతుంది. అదే స్పీడులో చేతిలో 12 మాత్రమే ఉంచుకుంటే 2 వారాలు. ఎవరూ ఒక్క నిమిషం ఎక్కువ కష్టపడలేదు, చూడండి.

పరిష్కారం: గోడ మీద వైట్‌బోర్డు చాలు, ట్రెల్లో లాంటి ఆన్‌లైన్ బోర్డు అయినా సరే. నాలుగు గళ్ళు గీయండి: రావాల్సినవి, చేస్తున్నవి, క్లయింట్ దగ్గర ఆగినవి, అయిపోయినవి. ఒక్కో డిజైనర్ పేరు మీద చేస్తున్నవి రెండుకి మించకూడదు. మూడో గడి మాత్రం తప్పకుండా ఉండాలి, ఎందుకంటే ప్రిన్సిపాల్ ఫోటో రాలేదనో రేట్ల లిస్టు పంపలేదనో ఆగిన పనిని కూడా మనోళ్ళు "చేస్తున్నా" అనే చెప్తారు. ఆ గడిలో ఏం రావాలి, ఎవరు పంపాలి, ఎప్పుడు అడిగాం అని రాయండి. ఇంకోటి, మ్యాటర్, ఫోటోలు, సైజు ఈ మూడూ చేతికి రాకుండా పని మొదలుపెట్టొద్దు, ఎంత తెలిసినోళ్ళైనా సరే.

సమస్య: మార్పులు ఎప్పటికీ అయిపోవు

బట్టల షాపు దసరా ఫ్లెక్స్ అనుకోండి. వాట్సాప్ గ్రూపులో ఓనరు, ఆయన తమ్ముడు, బావమరిది, మేనేజరు. ఒకరు "లోగో రవ్వంత పెంచన్నా" అంటారు, పెంచి పంపితే ఇంకొకరు "చీర ఫోటో చిన్నదై పోయిందే" అంటారు, రాత్రి పదకొండుకి మూడో ఆయన వాయిస్ మెసేజ్ వస్తుంది, పొద్దునకి అసలు ఓనరు నిద్రలేచి మొదటిదే బాగుందంటాడు.

కారణం: ఓకే చెప్పాల్సిన మనిషెవరో ముందు తేల్చుకోలేదు, రేటులో ఎన్ని మార్పులో చెప్పలేదు. క్లయింటుని తిట్టుకుని లాభంలేదు, వాళ్ళ షాపు, వాళ్ళ డబ్బు.

పరిష్కారం: అడ్వాన్స్ తీసుకున్న రోజే ఇలా ఒక మెసేజ్ పంపండి: "అన్నా, ఈ రేటులో రెండుసార్లు మార్పులు చేసిస్తాం. మూడోసారి నుంచి విడిగా పడతాది. మా తరఫున అక్షరదోషం ఉంటే అది లెక్కలోకి రాదు. ఓకే చెప్పేది మీరా, తమ్ముడా? ఆ ఒక్క నంబరు నుంచే మార్పులన్నీ ఒకేసారి పంపండి." ఫోన్లో చెప్పినవి, వాయిస్‌లో చెప్పినవి మీరే టైప్ చేసి "ఇవే కదా అన్నా" అని తిరిగి పంపాలి. ఆయన "అవును" అన్న తర్వాతే డిజైనర్‌కి ఇవ్వండి.

సమస్య: స్క్రీన్ మీద బాగుంది, ప్రింట్‌లో చెడిపోయింది

దీని మీద కొంచెం ఎక్కువే చెప్పాలి, డబ్బులు పోయేది ఇక్కడే. తెలుగు అక్షరాల బదులు పిచ్చి ఇంగ్లీషు గుర్తులు వస్తే, అను ఫాంట్లతో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) చేసిన ఫైలు ఆ ఫాంట్లు లేని సిస్టంలో తెరిచారని అర్థం. ప్రెస్‌కి పంపే కాపీలో టెక్స్ట్ అంతా కర్వ్స్ చేయండి, అంటే అక్షరాల్ని బొమ్మలుగా మార్చేయండి, కోరల్‌డ్రాలో కంట్రోల్ క్యూ. మార్చుకోడానికి వీలున్న ఒరిజినల్ ఫైలు మాత్రం విడిగా దాచుకోండి, లేకపోతే ఒక్క అక్షరం కోసం మొత్తం మళ్ళీ కొట్టాలి. ఫోటోషాప్‌లో యూనికోడ్ తెలుగు టైప్ చేస్తే వత్తులు విడివిడిగా పడుతున్నాయా? వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టండి, పాత వెర్షన్లలో అది ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద ఉంటుంది.

రంగులు చచ్చిపోయినట్టు వస్తే ఆర్‌జీబీలో (స్క్రీన్ రంగుల పద్ధతి) చేసి ఉంటారు, ప్రింట్‌కి సీఎంవైకే (ప్రింటింగ్ ఇంకుల పద్ధతి) కావాలి. ఫోటో మసకగా వస్తే వాట్సాప్‌లో ఫోటోగా పంపించుకున్నదై ఉంటుంది, వాట్సాప్ సైజు తగ్గించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. బ్రోచర్‌కి 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు), చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కటింగ్‌లో పోయే అదనపు అంచు) పెట్టుకోండి. దూరం నుంచి చూసే హోర్డింగ్‌కి అంత అవసరం లేదు, ఊరికే ఫైలు బరువు.

అయితే ఇవన్నీ తెలిసినోళ్ళ దగ్గర కూడా తప్పులు దొర్లుతాయి, చేసినోడి కంటికి తప్పు కనపడదు కాబట్టి. బయటికి పోయే ముందు ఆ పని చేయని ఇంకో మనిషి చూడాలి. ఫోన్ నంబరు చదవడం కాదు, ఫైలు చూసి డయల్ చేయాలి, అవతల షాపోళ్ళు ఎత్తితేనే ప్రెస్‌కి పంపాలి.

సమస్య: మనుషులు పెరిగారు, పని నెమ్మదైంది

నలుగురుంటే మాట్లాడుకోవాల్సిన జతలు 6, తొమ్మిది మందికి 36. అప్పట్లో ఒక్క కేక వేస్తే అందరికీ వినపడేది, ఇప్పుడు వినపడదు, అయినా ఓనరు ఇంకా ప్రతి ఫాంటు సైజూ తననే అడగాలంటాడు. ఒక పనికి ఒక్కరే బాధ్యులు, బోర్డు మీద వాళ్ళ పేరు ఉండాలి. పొద్దున పది నిమిషాలు నిలబడే మాట్లాడుకోండి, ఏది ఆగింది, ఎందుకు ఆగింది, అంతే. ఓనరు మొదట ఐడియా దగ్గర ఒకసారి, పంపే ముందు ఒకసారి చూస్తే చాలు.

సమస్య: అందరికీ ఒకేసారి కావాలి

మే, జూన్‌లో స్కూళ్ళ అడ్మిషన్లు, వెంటనే ఆషాఢం ఆఫర్లు, శ్రావణంలో పెళ్ళిళ్ళు, ప్రొద్దుటూరు బంగారం షాపుల యాడ్లు. ఇవి ఏటా వచ్చేవే, క్యాలెండర్లో ముందే రాసిపెట్టుకోండి. షాపు ఓపెనింగ్ ముహూర్తం మారదు, కాబట్టి ముహూర్తం నుంచి వెనక్కి లెక్కేసి ప్రింట్, ఓకే, మొదటి డిజైన్ తేదీలు క్లయింట్‌కి పంపండి. ఆయన ఓకే ఒకరోజు లేటైతే ప్రింట్ కూడా ఒకరోజు లేటని అందులోనే రాయండి.

సమస్య: పని అయిపోయింది, డబ్బు రాలేదు

కారణం ఒక్కటే, అంతా ఇచ్చేసి తర్వాత అడుగుతున్నాం. సగం అడ్వాన్స్, వాటర్‌మార్క్ ఉన్న ప్రూఫ్, మిగతా సగం పడ్డాక ప్రింట్ ఫైలు. కాలేజీలు, కంపెనీలు ఇట్లా ఒప్పుకోవు, వాళ్ళకి బిల్లు మీద ఉద్యం నంబరు (చిన్న సంస్థలకి కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు) వేయండి, రిజిస్ట్రేషన్ ఫ్రీ. 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం (చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం) ప్రకారం మైక్రో, స్మాల్ సంస్థలకి రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా గరిష్ఠంగా 45 రోజుల్లో కట్టాలి, దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడింతల చక్రవడ్డీ. ఉన్న ఊర్లో ఎవరూ కేసు దాకా పోరు, నిజమే, కానీ ఆ నంబరు బిల్లు మీద ఉంటే అకౌంట్స్ మేడం మన బిల్లుని కింద పెట్టరు. బిల్లు కన్నా తక్కువ పడితే ఫోన్ చేసి గొడవ పడొద్దు, టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపన్ను) కోశారేమో ముందు ఆడిటర్‌ని అడగండి.