వెల్లుల్లి దంచాక పది నిమిషాలు ఆగండి: గుండెకు మేలు చేసే కవళ్ళ పులుసు ఎలా చేయాలి?

మా కోనసీమలో నలభై దాటిన చాలామంది పొద్దున్నే రెండు వెల్లుల్లి రెబ్బలు మాత్రల్లా మంచినీళ్లతో మింగేస్తున్నారు. రక్తం గడ్డకట్టదని ఎవరో చెప్పారట. నమలకుండా మింగిన రెబ్బ దాదాపు దండగ అని ఎన్నిసార్లు చెప్పినా వినరు. ఇంకొందరు సలసల కాగే నూనెలో రెబ్బలు ఎర్రగా వేయించి అదే వైద్యం అనుకుంటున్నారు. అందుకే ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో చేస్తున్న పద్ధతి రాస్తున్నాను.

కావలసినవి: అరకిలో నూనె కవళ్ళు (సార్డిన్ చేపలు), పన్నెండు వెల్లుల్లి రెబ్బలు, నిమ్మకాయంత చింతపండు, రెండు ఉల్లిపాయలు, నాలుగు పచ్చిమిర్చి, ఉప్పు, కారం, పసుపు, మెంతులు, కరివేపాకు, రెండు చెంచాల నూనె. మట్టి దాకలోనే చేయాలి. రోలు తప్పనిసరి. మిక్సీలో పన్నెండు రెబ్బలు సరిగా నలగవు, నీళ్లు పోయాల్సి వస్తుంది.

1. చేపలు. వరద నీళ్లు ఎర్రబడగానే అందరూ పులస కోసం పరుగెడతారు. పులసలో మంచి కొవ్వు ఉన్న మాట నిజమే. అదే ఒమేగా-3 కవళ్ళలోనూ పుష్కలంగా ఉంది, ధర చూస్తే పోలికే లేదు. 1970ల్లో బాంగ్, డయర్‌బర్గ్ అనే డెన్మార్క్ పరిశోధకులు గ్రీన్‌లాండ్ వాసులను పరీక్షించారు. సముద్రపు కొవ్వు ఎక్కువగా తినే వాళ్లకు గాయమైతే రక్తం ఆగడానికి మామూలుకంటే ఎక్కువసేపు పడుతుందని గమనించారు. ఆ కొవ్వు వల్ల, రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు అనే కణాలు ఒకదానికొకటి అతుక్కోవడం తగ్గుతుంది. కళ్లు మెరుస్తూ, పొట్ట గట్టిగా ఉన్న చేపలే తీసుకోండి. పొలుసు గీసి, పొట్ట తీసి, కల్లుప్పుతో రుద్ది కడగండి. వేపుడు మాత్రం వద్దు, చేప కొవ్వు మూకుడులోకి దిగిపోతుంది.

2. పులుసు. మెంతులు, కరివేపాకు, ఉల్లి, మిర్చి వేయించి, చింతపండు రసం, ఉప్పు, కారం, పసుపు వేసి మరిగించి చేపలు వేయండి. పది పన్నెండు నిమిషాలు సన్నని సెగ మీద ఉడికితే చాలు. గరిట పెట్టకండి, దాకను పట్టుకుని అటూ ఇటూ తిప్పండి.

3. వెల్లుల్లి. అందరూ పాడుచేసేది ఇక్కడే, కాస్త నిదానంగా చదవండి.

పొట్టు తీసిన రెబ్బను వాసన చూడండి, పెద్దగా ఏమీ ఉండదు. రోట్లో ఒక్క పోటు వేయగానే ఘాటు కళ్లకెక్కుతుంది, జిగురు వేళ్లకంటుకుంటుంది. రెబ్బలో అల్లిన్ అనే పదార్థం ఒక గదిలో, దాన్ని మార్చే ఎంజైమ్ వేరే గదిలో ఉంటాయి. దంచినప్పుడు గదులు పగిలి రెండూ కలుస్తాయి, అల్లిసిన్ పుడుతుంది. అది నూనెలో విడిపోయినప్పుడు వచ్చే వాటిలో అజోయిన్ ఒకటి. ప్లేట్‌లెట్లను అతుక్కోనివ్వని గుణం వీటిదే. దంచకముందే వేడి తగిలితే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. పులుపు తగిలినా అంతే. నమలకుండా మింగిన రెబ్బకు కడుపులోని ఆమ్లం చేసేదీ ఇదే.

కాబట్టి మెత్తగా దంచి, రోట్లోనే వదిలేసి గడియారం చూసుకోండి. పది నిమిషాలు. చింతపండు, నిమ్మరసం, ఉప్పు ఏదీ దగ్గరికి రానివ్వకండి. మా కోడలు మొదట్లో ఆగలేక రెండో నిమిషంలోనే ఉడుకుతున్న పులుసులో వేసేసేది. పొయ్యి ఆపి, బుడగలు అణిగాక ముద్దను పైన పరిచి మూత పెట్టాలి. ప్యాకెట్‌లో దొరికే అల్లం వెల్లుల్లి పేస్టుతో ఈ పని జరగదు.

రోజూ దంచడం బద్ధకమై కొందరు పచ్చి వెల్లుల్లిని నూనెలో వేసి సీసాలో రోజుల తరబడి బయట ఉంచుతారు. దయచేసి ఆ పని చేయకండి. గాలి తగలని నూనెలో బోటులిజం విషం పుట్టవచ్చు, దానికి వాసనా రుచీ తేడా తెలియదు. ఆవకాయలో వెల్లుల్లి ఏడాది నిలవ ఉండటం లేదా అంటారు. అక్కడ మామిడి పులుపు, ఉప్పు కాపాడుతున్నాయి. వట్టి నూనెకు ఆ కాపలా లేదు.

4. ఎవరు ఆగాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి మందులు వేసుకునేవాళ్లు కూరలో రెండు రెబ్బలు తినడం వేరు, వెల్లుల్లి క్యాప్సూళ్లు, చేపనూనె గోలీలు మొదలుపెట్టడం వేరు. రెండోది డాక్టరుకు చెప్పకుండా చేయకండి. మా మామయ్యగారు చెప్పకుండా క్యాప్సూళ్లు వాడి పన్ను పీకించుకున్నారు. రాత్రంతా దూది మారుస్తూ కూర్చున్నాం. ఆపరేషన్ ఉంటే కనీసం వారం ముందే ఆ క్యాప్సూళ్ల సంగతి చెప్పాలి.

వార్ఫరిన్ వాడే మా నాన్నగారికి ఆకుకూరలు ఇంకో తలనొప్పి. తోటకూరలో, పాలకూరలో ఉండే విటమిన్ కె ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది. పూర్తిగా మానేయక్కర్లేదు. ఒక వారం కట్టలు కట్టలు, ఇంకో వారం అసలు లేకుండా తింటేనే రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూసే ఐఎన్ఆర్ పరీక్షలో అంకె ఎగిరి దూకుతుంది. వారం వారం ఒకే కొలతలో తినండి.

ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడెక్కి, నొప్పి పెడుతుంటే, ముఖ్యంగా హైదరాబాదు నుంచి రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చాక, పిక్క పిసక్కుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఆయాసం, ఛాతీనొప్పి తోడైతే ఒక్క నిమిషం కూడా ఆలస్యం వద్దు. అలా కాలిలో కట్టిన రక్తపు గడ్డను ఏ పులుసూ కరిగించదు.

5. వడ్డన. మామూలు వేడన్నంలో మనిషికి మూడు చేపలు, పైన పరిచిన వెల్లుల్లితో సహా. చేపల పులుసు మర్నాటికే రుచి, అందుకని సగం అట్టేపెడతాం. రేపటి భాగానికి వెల్లుల్లి మాత్రం రేపే దంచండి.