మొసిన్ నాగంట్ గురికి పైన కొడుతోందా? నా అనుభవం

పెన్సిల్వేనియాలో జింకల వేటకని కొన్న పాత సోవియట్ మొసిన్ నాగంట్ 91/30 రైఫిల్‌తో నాకు ఒకటే బాధ: వంద గజాల దగ్గర తూటాలన్నీ గురికి 8 అంగుళాలు పైన పడేవి. వెనుక సైటు (గురి చూసే భాగం) పూర్తిగా దించాను, తూటాలు మార్చాను, చెక్కను బిగించే పట్టీలు వదులు చేశాను, ఫలితం శూన్యం.

సైన్యం వీటికి బాయ్‌నెట్ (గొట్టం కొసకు బిగించే కత్తి) తగిలించి గురి సరిచేసేది. దాన్ని తీసేస్తే తూటా పడే చోటు మారుతుంది. బాయ్‌నెట్‌తో జింక వెంట పడలేం కదా!

తూటా పైకి పోతుంటే ముందు సైటు ఎత్తు పెంచాలి. సైట్ల మధ్య దూరం సుమారు 24.5 అంగుళాలు. దాన్ని 8తో గుణించి, వంద గజాలకున్న 3,600 అంగుళాలతో భాగించాను. దాదాపు 1.4 మిల్లీమీటర్లు కావాలని తేలింది.

తుపాకీ ఖాళీ చేసి, బోల్టు (తూటాను లోపలికి నెట్టి మూసే భాగం) తీసి పక్కన పెట్టాను. సన్నని కరెంటు తీగ పైతొడుగు ముక్కను ముందు సైటు పుల్లకు బిగుతుగా తొడిగాను, కొసన 2 మిల్లీమీటర్లు మిగిలేలా. కాల్పుల రేంజిలో మొదటి మూడు తూటాలూ మూడున్నర అంగుళాలు కింద పడ్డాయి. అక్కడి నుంచి ఓపికే పని: బోల్టు తీయడం, బ్లేడుతో వెంట్రుకవాసి కోయడం, మళ్లీ మూడు కాల్చడం. నాలుగో కోతకు నడిమధ్యకు వచ్చాయి. చివర ఒక చుక్క జిగురు.

ఇదంతా వేటకు వాడే మెత్తని మొన తూటాలతోనే చేశాను. తూటా మారితే లెక్క మారవచ్చు. నా తుపాకీకి పక్కలకు తేడా లేదు. మీకు ఉంటే ముందు సైటునే పక్కకు జరపాల్సి వస్తుంది. కార్బైన్ల (గొట్టం పొట్టిగా ఉండే రకాల) మీద నేను ప్రయత్నించలేదు.