మాంగాను, దాని ఆనిమేను పోల్చి చూసే పద్ధతి

ఒక మాంగాను (జపాన్ బొమ్మల కథను), దాని ఆధారంగా తీసిన ఆనిమేను (జపాన్ యానిమేషన్‌ను) పక్కపక్కన పెట్టినప్పుడు చాలామంది మొదట అడిగేది కథ మార్చారా లేదా అని. ఆ ప్రశ్నకు జవాబు తేలికగానే దొరుకుతుంది గానీ, దొరికిన తరువాత చెప్పడానికి పెద్దగా ఏమీ మిగలదు. అంతకన్నా ముందు చూడవలసింది కాలాన్ని. మాంగాలో ఒక గడి, అంటే ఒక్కో బొమ్మ ఉండే చట్రం, దగ్గర ఎంతసేపు ఆగాలన్నది చదువరి ఇష్టం. ఆనిమేలో అదే గడికి ఎన్ని సెకన్లు ఇవ్వాలో దర్శకుడు ముందే తేల్చేస్తాడు. రెండింటి మధ్య కనిపించే తేడాలలో చాలా భాగం ఇక్కడే పుడుతుంది కనుక, పోలికను కూడా ఇక్కడే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. ఉదాహరణల కోసం డెత్ నోట్, ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్, డీమన్ స్లేయర్ కథల్లోని కీలక ఘట్టాలను ప్రస్తావించక తప్పడం లేదు. వాటిని ఇంకా చూడనివారు గమనించగలరు.

ఇందుకు సిరీస్ మొత్తం కొనవలసిన పని లేదు. పోల్చదలచిన ఘట్టం ఏ సంపుటిలో ఉందో విషయసూచికలోని అధ్యాయాల సంఖ్యలను బట్టి చూసుకుని, ఆ ఒకటి రెండు సంపుటాలు సంపాదిస్తే చాలు. హైదరాబాదులో ఏటా ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే పుస్తక ప్రదర్శనలో గాని, అబిడ్స్‌లో ఆదివారంనాడు ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల మధ్య గాని వెతికేవారికి ఈ చిట్కా మరీ ఉపయోగం, ఎందుకంటే పాత పుస్తకాలలో వరుస సంపుటాలు దొరకడం అదృష్టం మీద ఆధారపడిన వ్యవహారం. ఫోనులో చదవడానికి షూయేషా సంస్థవారి మాంగా ప్లస్ ఆప్ ఉంది. అయితే రెండు పుటల మీద పరచి గీసిన బొమ్మ ఫోను తెరపై రెండు ముక్కలై కనిపించవచ్చు కాబట్టి, బొమ్మల కూర్పు గురించి మాట్లాడదలచినవారికి అచ్చు ప్రతే మేలు.

ఘట్టం నిర్ణయించుకున్నాక ముందుగా చేయవలసింది చిన్న లెక్క: ఎన్ని అధ్యాయాలు ఎన్ని ఎపిసోడ్లలో పట్టాయి? ఒక టీవీ ఎపిసోడ్ సుమారు 24 నిమిషాలు. ఆరంభ గీతానికి, ముగింపు గీతానికి చెరొక 90 సెకన్లు తీసివేస్తే కథకు మిగిలేది దాదాపు 21 నిమిషాలు. డెత్ నోట్ మాంగాలో 108 అధ్యాయాలు, ఆనిమేలో 37 ఎపిసోడ్లు ఉన్నాయి. హంతకుడైన కథానాయకుడు లైట్‌ను వెంటాడే డిటెక్టివ్ ఎల్ మరణం మాంగాలో 58వ అధ్యాయంలో, ఆనిమేలో 25వ ఎపిసోడ్‌లో వస్తుంది. అంటే మొదటి 58 అధ్యాయాలకు 25 ఎపిసోడ్లు ఇచ్చినవారు, మిగిలిన 50 అధ్యాయాలను 12 ఎపిసోడ్లలో ముగించారు. ఎపిసోడుకు రెండు చిల్లర అధ్యాయాలుగా నడిచిన కథ ఒక్కసారిగా నాలుగు దాటింది. ఎల్ తరువాత అతని వారసులుగా వచ్చే నియర్, మెల్లో పాత్రలు తేలిపోయాయని ఆనిమే చూసినవారు చేసే ఫిర్యాదును అంచనా వేసేటప్పుడు ఈ లెక్కను పక్కన పెట్టుకోవాలి: మాంగాలో వారి ఎత్తులు, పైఎత్తులు పుటల కొద్దీ సాగుతాయి, ఆనిమేలో వాటి ఫలితాలే ఎక్కువగా కనిపిస్తాయి.

తొలగించినవాటిని వెతికినంత శ్రద్ధగా చేర్చినవాటినీ వెతకాలి. అదే 25వ ఎపిసోడ్‌లో వానలో తడిసి వచ్చిన ఎల్, లైట్ పాదాలు తుడిచే దృశ్యం మాంగాలో లేదు. ఇరుకు సమయంలోనూ మాంగాలో లేని దృశ్యానికి చోటిచ్చారంటే, తీసినవారు ఆ కథను ఎలా అర్థం చేసుకున్నారో అక్కడే తెలుస్తుంది. నా మటుకు నాకు ఆ చేర్పు మాంగాకన్నా ఒక మెట్టు పైనే ఉందనిపిస్తుంది.

ఒకే మాంగాకు రెండు ఆనిమేలు ఉంటే పోలిక ఇంకా రక్తి కడుతుంది. అరకావా హిరొము గీసిన ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ 2001 నుంచి 2010 వరకు సాగింది. 2003లో మొదలైన 51 ఎపిసోడ్ల సిరీస్, మాంగా ఇంకా నడుస్తూ ఉండగానే తన దారిన తాను వేరే ముగింపుకు వెళ్ళింది; 2009లో వచ్చిన 64 ఎపిసోడ్ల బ్రదర్‌హుడ్ మాంగా వెంటే నడిచింది. అందువల్ల రెండోదే మెరుగని చాలామంది తీర్పు చెప్పేస్తారు. కాని సైనికాధికారి హ్యూజ్ మరణాన్ని చూడండి: 2003 సిరీస్‌లో అది 25వ ఎపిసోడ్‌లో, బ్రదర్‌హుడ్‌లో 10వ ఎపిసోడ్‌లో జరుగుతుంది. మొదటి సిరీస్ ప్రేక్షకుడు ఆ మనిషితో, అతని కుటుంబ కబుర్లతో ఎంతో కాలం గడిపి ఉంటాడు. రెండోదానిలో ఆ పరిచయం కుదురుకోకముందే ఆ మనిషి పోతాడు. మాంగాకు విధేయంగా ఉండడం ఒక సంగతి, దృశ్యం మనసుకు తగలడం మరొక సంగతి. మీ పోలికలో ఈ రెండింటినీ వేరువేరుగా తూచండి.

ఇక దృశ్యం స్థాయికి వద్దాం. డీమన్ స్లేయర్ 19వ ఎపిసోడ్‌లో కథానాయకుడు తంజిరో రూయి అనే రాక్షసుడితో పోరాడే ఘట్టం మాంగా 5వ సంపుటిలో ఉంది. మొదట సంపుటి తెరిచి, ప్రతి గడిలో ఏముందో, పుట తిప్పగానే ఏ బొమ్మ ఎదురవుతుందో కాగితం మీద రాసుకోండి. మాంగా కుడి నుంచి ఎడమకు సాగుతుంది కనుక ఎడమ పుటలో కింద ఎడమ మూల ఉన్న చివరి గడి ఆత్రుత పుట్టించే స్థానం. అసలు బొమ్మ పుట తిప్పితే గాని కనబడదు. ఆ తరువాత ఎపిసోడ్ చూస్తూ, పుట తిప్పడం చేసే ఆ పనిని దేనికి అప్పగించారో గుర్తించండి. ఈ ఆనిమే తీసిన యూఫొటేబుల్ స్టూడియో ఇక్కడ రంగును, కెమెరా కదలికను వాడుకోవడమే కాక, పోరు పతాక స్థాయికి చేరేసరికి పాటను ఎత్తుకుని ఎపిసోడ్ చివరి దాకా నడిపించింది. మాంగాలో ఇదే చోటు చకచకా సాగిపోతుంది. ఎపిసోడ్‌ను మొదట మామూలుగానూ, తరువాత ధ్వని పూర్తిగా తీసేసీ చూస్తే, బొమ్మ బలమెంతో, సంగీతం బలమెంతో విడివిడిగా తేలుతుంది.

భాష విషయంలో ఒక జాగ్రత్త అవసరం. మన దగ్గర మాంగాను ఎక్కువగా ఇంగ్లీషు అనువాదంలో చదువుతాం. ఆనిమేను సబ్‌టైటిళ్ళతోనో డబ్బింగ్‌లోనో చూస్తాం, 2025లో డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ కాసిల్ చిత్రం తెలుగులోనూ థియేటర్లకు వచ్చింది. ఒక సంభాషణ పుస్తకంలో ఒక రకంగా, తెరమీద మరో రకంగా వినిపిస్తే అది ఇద్దరు అనువాదకుల మధ్య తేడా కావచ్చు. జపనీస్ ధ్వనితో ఒకసారి సరిచూసుకోకుండా ఆ నేరాన్ని దర్శకుడి మీద మోపకూడదు.

మాంగాలో లేని ఫిల్లర్ కథల గురించి ఎక్కువ రాయనక్కరలేదు. వారం వారం వచ్చే ఆనిమే మాంగాను అందుకోబోతే ఆగి కాలక్షేపం చేయక తప్పదు. 2002 నాటి నరుటో సిరీస్‌లో 136వ ఎపిసోడ్ నుంచి ముగింపు దాకా దాదాపు అన్నీ అలాంటివే. వాటిని విడిగా లెక్కకట్టి, ప్రధాన పోలికలోకి రానివ్వకండి.

రాసేటప్పుడు ప్రతి అభిప్రాయం పక్కన అధ్యాయం సంఖ్యను, ఎపిసోడ్ సంఖ్యను, వీలైతే నిమిషాన్ని కూడా ఇవ్వండి, చదివేవారు తామే తెరిచి సరిచూసుకుంటారు. ముగింపులను పోల్చే భాగాన్ని చివరికి నెట్టి, దానికి ముందు ఒక హెచ్చరిక పెట్టండి.