వెన్నుపాము వార్డు పాఠాలు – 5: తలనొప్పి అనగానే పడుకోబెట్టకండి

ఈసారి పేగుల సంగతి మొదలుపెడదామనుకున్నాను. పోయినసారి ఇచ్చిన ప్రశ్నకు మీ జవాబులు చూశాక కుదరదనిపించింది. సీ6 (మెడలో ఆరో స్థాయి) గాయం, తల పగిలిపోయే నొప్పి, ముఖం ఎర్రబడి చెమటలు, బీపీ 148/92. ఏం చేస్తారంటే చాలామంది "పడుకోబెట్టి కాళ్లు ఎత్తుతాం" అని రాశారు.

తప్పు సగం నాదే. నాలుగో పాఠమంతా కూర్చోగానే బీపీ పడిపోవడం గురించి చెప్పి, కాళ్లెత్తండి, పొట్టకు బైండర్ (బిగుతు పట్టీ) కట్టండి అని నూరిపోశాను. ఇది దానికి అచ్చంగా తలకిందులు. అటానమిక్ డిస్‌రిఫ్లెక్సియా. గాయం టీ6 (ఛాతీలో ఆరో స్థాయి) దగ్గర గానీ ఆ పైన గానీ ఉన్నవాళ్లలో, నిండిన మూత్రాశయం లాంటిది ఏదైనా గాయం కింది రక్తనాళాలను బిగించేస్తుంది, బీపీ ఎగురుతుంది. వదలమని మెదడు పంపే కబురు గాయం దాటి దిగదు. అప్పుడు కాళ్లెత్తితే అగ్నికి ఆజ్యం పోసినట్టే. నిటారుగా కూర్చోబెట్టి, కాళ్లు మంచం కిందికి వేలాడదీయండి. బైండర్, మేజోళ్లు, లెగ్ బ్యాగ్ (కాలికి కట్టే యూరిన్ సంచి) పట్టీలు, ప్యాంటు బొందు, అన్నీ వదులు చేయండి. డాక్టర్ కోసం వేరేవాళ్లను పంపండి. మీరు అక్కడే ఉండి రెండు మూడు నిమిషాలకోసారి బీపీ చూడండి.

"148 ఏమంత ఎక్కువ మేడమ్?" అని ఒకమ్మాయి అడిగింది. మెడ దగ్గర గాయమైనవాళ్లకు మామూలుగానే పై బీపీ 90–110 ఉంటుంది. దానిమీద 20–40 పెరిగితే చాలు. మన బెంగళూరు వార్డుల్లో "తలె నోవు సిస్టర్" అనగానే చెయ్యి పారాసెటమాల్ మీదికి పోతుంది. ముందు బీపీ మిషన్ మీదికి పోవాలి.

ఇక కారణం వెతకాలి, ముందు మూత్రాశయం నుంచి మూత్రం తెచ్చే గొట్టం, అంటే కాథెటర్. అక్కడే నాకు ఒళ్లు మండే మాట: "కాథెటర్ బాగానే ఉంది, బ్యాగ్‌లో యూరిన్ ఉంది కదా!" బ్యాగ్‌లో ఉన్నది పొద్దుటినుంచి వచ్చింది. ఈ గంటలో ఎంత వచ్చిందో చెప్పండి. హిందూపురం నుంచి చెకప్‌కు కారులో వస్తూ ఒకాయన హెబ్బాళ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు. వార్డుకు చేరేసరికి ముఖం కందగడ్డ. "బ్యాగ్ నిండుగా ఉంది సిస్టర్, బ్లాక్ ఎలా అవుతుంది?" అంది భార్య. నిండిపోయిందే బ్లాక్ తల్లీ! ఖాళీ చేయగానే ఆయన కళ్లు తెరిచాడు. ఇంకోసారి ట్యూబు తొడ కింద నలిగింది. ఇంకోసారి స్నానానికని ట్యూబు మూస్తూ వేసిన క్లాంప్ తీయడం మరిచారు. అందుకే నేను కళ్లతో చూడను, తొడ దగ్గర మొదలుపెట్టి బ్యాగ్ దాకా వేళ్లతో తడుముకుంటూ పోతాను. ట్యూబు బాగానే ఉన్నా రాకపోతే, ఒంటివేడికి తెచ్చిన సెలైన్ 10–15 మిల్లీలీటర్లు మెల్లగా పంపండి. అయినా రాకపోతే కాథెటర్ మార్చండి. అసలు కాథెటర్ లేనివాళ్లకైతే వెంటనే వేయండి. ఏది చేసినా ముందు తిమ్మిరెక్కించే జైలోకైన్ జెల్లీ పెట్టి కనీసం రెండు నిమిషాలు ఆగాలి. పొత్తికడుపు మాత్రం నొక్కొద్దు, బీపీ ఇంకా ఎగురుతుంది.

మూత్రాశయం కాకపోతే మలద్వారం, మలం గట్టిపడి అడ్డుపడిందేమో చూడాలి. అక్కడా జెల్లీ, అక్కడా ఆగడం. పై బీపీ 150 దాటి ఉంటే వేలు పెట్టకముందే బీపీ దించే మందు సంగతి డాక్టర్‌ను అడగండి. అంగస్తంభనకు వాడే సిల్డెనాఫిల్ లాంటి మాత్ర ఈమధ్య వేసుకున్నారా అని సిగ్గుపడకుండా కనుక్కోండి, బీపీ దించడానికి ఇచ్చే నైట్రోగ్లిజరిన్ దానితో కలిస్తే బీపీ ఘోరంగా పడిపోతుంది. ఆ తర్వాత పుండ్లు, గోళ్లు, పక్కబట్ట మడతలు చూడండి. తగ్గాక కూడా రెండు గంటలు కనిపెట్టి ఉండాలి.

అభ్యాసం ఒక్కటే. డాక్టర్ చెప్పినట్టు బీపీ దించే నిఫెడిపిన్ ఇచ్చారు. పది నిమిషాలకు కాథెటర్ మారిస్తే ఒక్కసారిగా 700 మిల్లీలీటర్లు వచ్చింది. పేషెంటు ఇంకా నిటారుగానే కూర్చుని ఉన్నాడు, కళ్లు తిరుగుతున్నాయంటున్నాడు, బీపీ 82/50. మొదటి ఐదు నిమిషాల్లో మీరేం చేస్తారో వరుసగా రాయండి. నాలుగో పాఠం దగ్గర పెట్టుకోవచ్చు.