రాగ్‌టైమ్ పియానో నేర్చుకోవడం: ముందు ఎడమ చెయ్యి సంగతి చూడండి

రాగ్‌టైమ్‌లోని ‘రాగ్’కీ మన రాగానికీ ఏ చుట్టరికమూ లేదు. అది గుడ్డపీలికకు వాడే ఇంగ్లీషు మాట. తాళాన్ని అంచులు చించి వదిలినట్టు వినిపిస్తుందని ఆ పేరు పడిందంటారు. 1890లలో అమెరికాలోని నల్లజాతి పియానో కళాకారులు బ్రాస్ బ్యాండ్ మార్చ్ చట్రాన్ని తీసుకుని, దాని మీద బాంజో వాయిద్యంలోని, కేక్‌వాక్ నాట్యంలోని తాళపు విరుపుల్ని పరిచారు. మిస్సోరీ రాష్ట్రంలోని సెడేలియాలో ఉండగా స్కాట్ జాప్లిన్ రాసిన ‘మేపుల్ లీఫ్ రాగ్’ 1899లో, ‘ది ఎంటర్‌టైనర్’ 1902లో అచ్చయ్యాయి. రెండోది పేరు తెలియకపోయినా చెవికి తెలిసే ఉంటుంది. అమెరికాలో వీధిలోకి ఐస్‌క్రీమ్ బండి వచ్చిందంటే చాలాసార్లు దాని మీంచి మోగేది ఈ బాణీయే.

ఎంత విన్నా ఇది పాతబడకపోవడానికి కారణం రెండు చేతుల మధ్య నడిచే తగువు. ఎడమ చెయ్యి బ్యాండ్‌మేళం వాళ్ళలా ఒకే అడుగు వేస్తూ పోతుంది. కుడి చెయ్యి ఆ అడుగుల మధ్య సందుల్లో పడుతుంది. ఎడమ చెయ్యి ఎంత స్థిరంగా ఉంటే కుడి చేతి కొంటెతనం అంత బాగా వినిపిస్తుంది. నేర్చుకునేవాళ్ళలో చాలామంది కుడి చేతి బాణీతో మొదలుపెట్టి అక్కడే చెడిపోతారు. బాణీ రెండు రోజుల్లో వచ్చేస్తుంది. ఆ తర్వాత ఎడమ చేతిని దాని వెనక ఈడ్చుకొస్తారు. అది ఎప్పటికీ కుదరదు.

ఏం కావాలి

88 మెట్ల పియానో గానీ డిజిటల్ పియానో గానీ ఉంటే మంచిది. ఇళ్ళల్లో ఎక్కువగా కనిపించేది 61 మెట్ల కీబోర్డు. దాంతోనూ మొదలుపెట్టొచ్చు గానీ, దాని అట్టడుగు స్వరం మధ్య సికి (కీబోర్డు నడుమ ఉండే సి) రెండు ఆక్టేవుల కింది సి. ఆక్టేవు అంటే ఒక సి నుంచి తర్వాతి సి దాకా ఉన్న దూరం. అంతకంటే దిగువన ఉండే బేస్ ఆక్టేవులు అందవు. అలాంటి చోట ఆక్టేవులోని పై స్వరాన్ని ఒక్కదాన్నే వాయించండి, బాణీకి నష్టం ఉండదు. టచ్ రెస్పాన్స్ (గట్టిగా నొక్కితే గట్టిగా, మెత్తగా నొక్కితే మెత్తగా మోగే సదుపాయం) ఆన్ చేసుకోండి. ఆటో అకంపనిమెంట్ ఆపేయండి, ఎడమ చేతి పని దానికి అప్పజెబితే మీరు నేర్చుకునేది ఏమీ మిగలదు. శ్రుతి చెదిరిన సెలూన్ పియానోలా మోగే హాంకీటాంక్ వాయిస్ జోలికీ పోకండి. పక్కపక్క స్వరాల తేడా అందులో తెలియదు, మీ తప్పులన్నీ దాక్కుంటాయి.

నోటేషన్ కొనక్కర్లేదు. జాప్లిన్ 1917లో చనిపోయాడు, ఆయన రచనల కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది. మొదటి ముద్రణల స్కాన్లు ఐఎమ్‌ఎస్‌ఎల్‌పీ అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. పిల్లల పుస్తకాల్లోని సులువు చేసిన ప్రతులతో మాత్రం జాగ్రత్త. వాటిలో చాలావరకు బార్ (తాళంలో ఒక ఆవృత్తం) గీత దాటే టైలను, అంటే స్వరాన్ని సాగదీసే వంపు గీతలను తీసేసి, స్వరాలను తాళం మీదకి సర్దేస్తారు. మిగిలేది రాగ్ కాదు, రైమ్.

మొదటి వారం: ఎడమ చెయ్యి ఒక్కటే

మూలంలో తాళం 2/4. ఒక బార్‌ని ఎనిమిది మాత్రలుగా, అంటే ఎనిమిది పదహారో వంతు స్వరాలుగా లెక్కపెట్టండి. ఎడమ చెయ్యి 1, 3, 5, 7 మాత్రల మీద పడుతుంది: 1, 5 మీద లోతైన బేస్, 3, 7 మీద కార్డ్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు). బ్యాండులో ట్యూబా ఒక దెబ్బ, హారన్లు ఒక దెబ్బ వేసే పద్ధతే ఇది.

సి మేజర్‌తో మొదలుపెట్టండి. మధ్య సికి రెండు ఆక్టేవుల కింద ఉన్న సి మీద చిటికెన వేలు, దాని పై సి మీద బొటనవేలు: ఇది బేస్. తర్వాత మధ్య సి మీద బొటనవేలు, దాని కింది జి మీద చూపుడు వేలు, ఇంకా కింది ఇ మీద చిటికెన వేలు: ఇది కార్డ్. అంటే చిటికెన వేలు ప్రతిసారీ తొమ్మిది తెల్ల మెట్లు దూకి, మళ్ళీ వెనక్కి రావాలి. కష్టమంతా ఇలా దూకడంలోనే ఉంది.

దీన్ని నేర్చుకునే పద్ధతి ఇది. బేస్ మోగిన వెంటనే చేతిని కార్డ్ మీదకి చేర్చండి గానీ మోగించకండి. మెట్లని తాకి ఆగండి. వేళ్ళు సరైన చోట ఉన్నాయో లేదో తడిమి చూసుకుని, అప్పుడు నొక్కండి. తిరుగు దారిలో బేస్‌కీ అంతే. రెండు రోజులు ఇలా చేస్తే చెయ్యి దూరాన్ని గుర్తుపెట్టుకుంటుంది, కన్ను కిందకి పోదు. ఆ తర్వాత మెట్రోనోమ్ (లయకి టిక్కులు కొట్టే పరికరం) పెట్టండి: ఎడమ చేతి ప్రతి దెబ్బకీ ఒక టిక్కు చొప్పున, నిమిషానికి 60 దగ్గర. వరసగా ఎనిమిది బార్లు తప్పు లేకుండా పోతేనే 4 పెంచండి. 120 చేరాక సి నుంచి ఎఫ్‌కి, జి సెవెంత్‌కి మారుతూ వాయించండి. మొదటి భాగంలో చెయ్యి ఎక్కువగా తిరిగేది వీటి చుట్టూనే.

చెయ్యి చిన్నదై ఆక్టేవు అందకపోతే చిటికెన వేలి స్వరం ఒక్కటి చాలు. లాగి పట్టుకుంటే మణికట్టు బిగుస్తుంది, బిగిసిన మణికట్టు దూకలేదు. ముంజేతిలో నొప్పి మొదలైతే ఆ పూటకి ఆపేయండి. బరువు విషయానికొస్తే బేస్ నిండుగా, కార్డ్ అందులో సగం బరువుతో ఉండాలి. మొదట్లో అందరిదీ తలకిందులుగానే వస్తుంది, ఎందుకంటే మూడు వేళ్ళు కలిసి పడే కార్డ్ దానంతటదే గట్టిగా మోగుతుంది.

తకిట తకిట తక

ఇప్పుడు కుడి చెయ్యి. ‘ది ఎంటర్‌టైనర్’లో నాలుగు బార్ల ఎత్తుగడ అయ్యాక అసలు బాణీ డి, డి షార్ప్ అనే రెండు చిన్న స్వరాలతో అందుకుని మొదటి బార్‌లోకి దిగుతుంది. డి మీద చూపుడు వేలు, డి షార్ప్ మీద మధ్య వేలు వేసి, బొటనవేలిని వాటి కిందుగా జరిపి ఇ మీద పెట్టండి. చిటికెన వేలు పైనున్న సి మీదకి దానంతటదే వెళుతుంది. తర్వాత బార్ అంతా ఆ ఇ, సిలే:

మాత్ర: 1 – 2 – 3 – 4 – 5 – 6 – 7 – 8
కుడి: ఇ – సి – (పట్టు) – ఇ – సి – (పట్టు) – ఇ – సి
ఎడమ: బేస్ – ఖాళీ – కార్డ్ – ఖాళీ – బేస్ – ఖాళీ – కార్డ్ – ఖాళీ

మృదంగం పాఠం విన్నవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది: తకిట, తకిట, తక. మూడు, మూడు, రెండు. ఎడమ చెయ్యి మాత్రం తకధిమి తకధిమి అంటూ నాలుగేసి నడుస్తోంది. రెండు చేతులూ కలిసి పడేది 1, 5, 7 మాత్రల మీద. 2, 4, 8 కుడి చేతివి, 3 ఎడమ చేతిది, 6 మీద ఎవరూ కొత్తగా పడరు. వేళ్ళు కలిపే ముందు ఈ లెక్కని నోటితో పట్టుకోండి. ఎడమ చెయ్యి వాయిస్తూ ‘తకిట తకిట తక’ పైకి అనండి. అది తడబడకుండా వచ్చేదాకా కుడి చేతిని పియానో మీద పెట్టొద్దు.

అసలు చిక్కు ఎనిమిదో మాత్ర దగ్గర. అక్కడ మొదలైన సి బార్ గీత దాటి తర్వాతి బార్‌లోకి సాగుతుంది. కొత్త బార్ మొదటి మాత్ర మీద బేస్ ఒక్కటే పడాలి, కుడి చెయ్యి కదలకూడదు. నేర్చుకునేవాళ్ళు ఇక్కడ రెండు రకాలుగా తప్పుతారు. కొందరు ఆ సిని మళ్ళీ కొడతారు. ఇంకొందరు బేస్ వచ్చేదాకా సిని ఆపి, రెండూ కలిపి పడేస్తారు. మందు ఒకటే. రెండు రోజులు కావాలనే మొదటి మాత్ర మీద కూడా సిని కొట్టండి. ఆ తర్వాత అదే వాయిద్యంలోంచి ఆ ఒక్క దెబ్బనీ తీసేయండి. చెయ్యి ఆగుతుంది, లెక్క ఆగదు. 1908లో అచ్చయిన జాప్లిన్ ‘స్కూల్ ఆఫ్ రాగ్‌టైమ్’లో ఆరు అభ్యాసాలున్నాయి. వాటిలోనూ వాయించాల్సిన స్వరాల పైన, వాయించకూడని ఒక అదనపు వరసలో తాళం లెక్కని విడిగా చూపించి, చుక్కల గీతలతో కిందికి కలిపాడు. స్వరం ఎంతసేపు నిలవాలో కంటికి కనబడటమే దాని ప్రయోజనం.

బరువు 2, 5, 8 మాత్రల మీద మొదలయ్యే సిల మీద కొద్దిగా పడనివ్వండి, ఇ తేలిగ్గా ఉండాలి. తాళం మీద ఉన్న మొదటి ఇని నొక్కి చెబితే విరుపు చచ్చిపోతుంది.

వేగం గురించి ఒక మాట గట్టిగా

రాగ్‌టైమ్‌ని వేగంగా వాయించకూడదని జాప్లిన్ తన ముద్రణల మీదే హెచ్చరించాడు. దాన్ని పట్టించుకోనివాళ్ళే ఎక్కువ. వేగం పెరిగితే కుడి చేతి స్వరాలు సందుల్లో పడ్డాయో, తాళం మీద పడ్డాయో చెవికి తెలియదు, అంతా గలగలమని దొర్లిపోతుంది. ‘ది ఎంటర్‌టైనర్’కి బార్‌కి రెండు టిక్కుల లెక్కన 72 నుంచి 80 చాలు. 100 దాటించి ఆహా అనిపించుకోవచ్చు గానీ అది వేళ్ళ విన్యాసం అవుతుంది.

ఇంకో జారుడుమెట్టు స్వింగ్. జాజ్ విన్న చెవి పదహారో వంతు స్వరాలను సమంగా వాయించనివ్వదు. ‘తక తక’ కాస్తా ‘తా-క తా-క’ అయి, చతురశ్రంలోంచి తిశ్రంలోకి జారిపోతారు. జాప్లిన్ రాగ్‌లకి సమమైన మాత్రలే సరి. అనుమానం వస్తే ఫోన్‌లో రికార్డు చేసుకుని సగం వేగంలో వినండి, జారుడు వెంటనే పట్టుబడుతుంది. ఎడమ చెయ్యి కుడి చేతి వైపు లాక్కుపోతోందా అన్నదీ అక్కడే తేలుతుంది.

పెడల్ వీలైనంత తక్కువ వాడండి. నొక్కి ఉంచితే బేస్, కార్డ్ కలిసి ముద్దయిపోతాయి, ట్యూబాకీ హారన్‌కీ మధ్య ఉండాల్సిన గాలి పోతుంది.

మిగతా భాగాలు

రాగ్ నిర్మాణం మార్చ్‌దే. ఒక్కో భాగం 16 బార్లు, రెండేసి సార్లు. ‘ది ఎంటర్‌టైనర్’లో ఎత్తుగడ తర్వాత మొదటి భాగం రెండుసార్లు, రెండోది రెండుసార్లు, మళ్ళీ మొదటిది ఒకసారి వస్తాయి. మూడో భాగం ఎఫ్ మేజర్‌లోకి దిగుతుంది, చిన్న వంతెన దాటాక నాలుగోది తిరిగి సిలో ఉంటుంది. భాగానికి రెండు వారాలు పెట్టుకోండి. తిరిగి వాయించేటప్పుడు మొదటిసారి వాయించినట్టే వాయిస్తే విసుగు. రెండోసారి మెత్తగా వాయించండి, లేదా కుడి చేతిని ఒక ఆక్టేవు పైకి ఎత్తండి. జాప్లిన్ దీన్ని ఒక మాండలిన్ క్లబ్‌కి అంకితమిచ్చాడు, ఆ తేలికదనం గుర్తుంటే చాలు.

‘మేపుల్ లీఫ్ రాగ్’ని దీని తర్వాతే ముట్టుకోండి. ఎ ఫ్లాట్ మేజర్, నాలుగు ఫ్లాట్లు, మూడో భాగంలో ఐదు. ఫ్లాట్లు భయపెడతాయి గానీ నల్ల మెట్ల మీద చెయ్యి నిజానికి హాయిగానే కూర్చుంటుంది. ఇబ్బంది పెట్టేది మొదటి భాగం మధ్యలో రెండు చేతులూ కలిసి కీబోర్డు మీద కింది నుంచి పైకి పాకే చోటు. దాన్ని విడిగా కోసి తీసి, ఒక్కో చేతి మజిలీకీ పేరు పెట్టుకుని సాధన చేయాలి.

ఇక్కడి నుంచి జాజ్‌లోకి

ఎడమ చెయ్యి కుదిరాక దాన్నే కాస్త సాగదీస్తే స్ట్రైడ్ పియానో అవుతుంది. బార్‌ని 4/4గా లెక్కపెట్టి, 1, 3 మీద బేస్, 2, 4 మీద కార్డ్ వేయండి. ఆక్టేవు బదులు టెన్త్, అంటే కింది స్వరంతో కలిపి లెక్కిస్తే పదో స్వరం పట్టండి (అందనివాళ్ళు కింది స్వరం నుంచి పై స్వరానికి చటుక్కున దొర్లించొచ్చు). ఇందాక వద్దన్న స్వింగ్‌ని ఇప్పుడు రానివ్వండి. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో జేమ్స్ పి. జాన్సన్ చేసింది ఇదే, ఆయన ‘కెరొలైనా షౌట్’ రికార్డు 1921లో వచ్చింది. కుర్ర డ్యూక్ ఎలింగ్టన్ ఆ రచనని ప్లేయర్ పియానోలో నెమ్మదిగా తిప్పి, దానంతటవే కిందికి దిగే మెట్ల మీద వేళ్ళు పెట్టి నేర్చుకున్నాడు. యూట్యూబ్ వేగాన్ని 0.5కి తగ్గించుకుని నేర్చుకోవడం కొత్త పద్ధతేమీ కాదన్నమాట.

యూరప్‌లో ఈ విరుపులు వేరే దారి పట్టాయి. డెబ్యుస్సీ 1908లో తన పిల్లల పియానో సంపుటంలో కేక్‌వాక్‌ని వాడుకున్నాడు, స్ట్రావిన్‌స్కీ 1918లో పదకొండు వాయిద్యాలకి ఒక రాగ్‌టైమ్ రాశాడు. డెబ్యుస్సీది మీ స్థాయికి అందుతుంది, వాయించి చూడండి. ఎడమ చెయ్యి ఎంత తెలిసినదిగా అనిపిస్తుందో!

అమెరికాలో జాప్లిన్ సంగీతం తిరిగి వినిపించింది 1970లో పియానిస్టు జాషువా రిఫ్కిన్ రికార్డుతో, ఆ తర్వాత 1973 నాటి ‘ది స్టింగ్’ సినిమాతో. ఆ సినిమా కథ 1930లలో జరుగుతుంది, అప్పటికి రాగ్‌టైమ్ కాలం దాటిపోయింది. అయినా ‘ది ఎంటర్‌టైనర్’ 1974లో బిల్‌బోర్డ్ హాట్ 100లో మూడో స్థానం దాకా వెళ్ళింది. నేర్చుకునేవాళ్ళు రిఫ్కిన్ వాయిద్యాన్ని నోటేషన్ ముందు పెట్టుకుని వినాలి, తొందర లేకుండా ఎలా వాయించాలో అందులో ఉంది.

రాగ్‌టైమ్, జాజ్ రెండు దారులూ ఒకేచోట వినాలంటే 1938లో జాజ్ పియానిస్టు జెలీ రోల్ మోర్టన్ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం చేసిన రికార్డింగులు వెతకండి. ‘మేపుల్ లీఫ్ రాగ్’ని ముందు మిస్సోరీ పద్ధతిలో, తర్వాత తన న్యూ ఆర్లీన్స్ పద్ధతిలో వాయించి చూపిస్తాడు. మొదటిసారి ఎడమ చేతిని మాత్రమే వినండి. రెండోసారి అది ఎక్కడెక్కడ దారి మార్చిందో పెన్సిల్‌తో నోటేషన్ మీద గుర్తుపెట్టుకోండి.